తాతా మనవడూ ఒక్కరేనన్న ట్రిగర్

మన దీవుల రాజధాని సువాలో తెలుగువాళ్ళ సంఘం వేసే సంచికకి "మీ ఉద్యోగం గురించి రాయండి, కంప్యూటర్ చదువుకునే పిల్లలకి పనికొస్తుంది" అని అడిగారు. సరే అన్నాను. ఆ పిల్లల్లో తెలుగు చదవగలిగినవాళ్ళు ఎందరున్నారని మాత్రం అడగలేదు. అడిగితే సంచికే ఆగిపోతుంది. మీరిది వింటున్నారంటే పక్కన మీ నాయనమ్మ, అదే మీ ఆజీ, కూర్చుని చదివిపెడుతూ ఉండాలి. మంచిదే, ఈ కథ అసలు ఒక ఆజీదే.

నా ప్రమోషన్ల సంగతి రాయను. అవి వచ్చినప్పుడు ఎందుకొచ్చాయో నాకు తెలియలేదు, రానప్పుడు ఎందుకు రాలేదో బాగా తెలుసు. ఆసుపత్రుల రికార్డులు కంప్యూటర్లోకి ఎక్కించే ఆఫీసులో పనిచేశాను. నేను రాసినవి ఎక్కువగా ట్రిగర్లు. వాటిలో ఒకటి టాబియాలో ఒక పెద్దమనిషి ప్రాణం మీదికి తెచ్చింది. ఆ సంగతే చెప్తాను. మిగతాది అంతా దానికి పీఠిక అనుకోండి.

పిలవని పేరంటం

ముందు ట్రిగర్ అంటే ఏమిటో తెలియాలి. డేటాబేస్ అంటే పట్టికలు. ఒక పట్టికలో మనిషి పేరు, ఇంకో పట్టికలో అతని జబ్బు, మరో దాంట్లో ఇచ్చిన మందు. మామూలు ప్రోగ్రామును ఎవరో ఒకరు పిలవాలి. ట్రిగర్ని ఎవరూ పిలవనక్కర్లేదు. పట్టికలో ఒక వరస చేరినా, మారినా, పోయినా దానంతట అదే లేచి, దానికి తోచిన పని చేసి, చప్పుడు చేయకుండా పడుకుంటుంది.

పెళ్ళివంటల దగ్గర ఒక అత్తయ్య ఉంటుంది చూడండి. ఆవిణ్ణి ఎవరూ పిలవరు. సాంబారు గుండిగ దించగానే ఎక్కణ్ణుంచో వచ్చి గుప్పెడు ఉప్పు వేసి పోతుంది. ట్రిగర్ అదే. ఆవిడ చెయ్యి మంచిదైతే వంట బాగుంటుంది, అందరూ వంటవాణ్ణి మెచ్చుకుంటారు. ఇద్దరత్తయ్యలు వచ్చి ఒకరికి తెలియకుండా ఒకరు వేశారో, అప్పుడూ వంటవాణ్ణే తిడతారు. మా ఆఫీసులో ఒకసారి ఒక ట్రిగర్ చిరునామా మార్చితే ఇంకోటి లేచి ఊరి పేరు దిద్దింది. ఊరి పేరు మారింది కదా అని మొదటిది మళ్ళీ లేచింది. అవి రెండూ అలా ఒకదాన్నొకటి లేపుకుంటూ ఉంటే మిషను మొత్తం నిలిచిపోయింది. మా సాబ్ వచ్చి కరెంటు పోయిందా అని అడిగాడు.

ఆటోమేటిక్ సాబ్

మా సాబ్ పేరు రాజేంద్ర. వెనకాల అందరం ఆటోమేటిక్ సాబ్ అనేవాళ్ళం. మనిషి చెడ్డవాడు కాదు, మాకు దీపావళికి మిఠాయి తెచ్చేవాడు. కానీ ఒక్క లైను కోడు రాసి ఎరగడు. ఎవరో విదేశీ నిపుణుడి నోట 'ట్రిగర్' అన్న మాట విన్నాడు, అంతే, ఆ మాట ఆయన నోట్లో నానని రోజు లేదు. రోగుల పేర్లు తప్పుగా ఎక్కుతున్నాయా? "సరోజా, ట్రిగర్ పెట్టేయ్." నర్సులు రికార్డు నింపడం లేదా? "ట్రిగర్ పెట్టేయ్." ఒకరోజు బాత్రూములో కుళాయి కారుతోందని చెప్తే నా వైపు చూశాడు. నిజంగా చూశాడు.

సువాలో సైన్యం రోడ్డెక్కిన ఒక గొడవల ఏడు నేను ఆఫీసు కాగితాలు ఇంటికి తీసుకెళ్తుంటే చెక్‌పోస్టు దగ్గర ఒక కుర్ర సైనికుడు నా సంచీ తెరిపించాడు. లోపల మా ట్రిగర్ల జాబితా. పేజీ నిండా ట్రిగర్, ట్రిగర్, ట్రిగర్. పైగా 'తీసేయడానికి ముందు పేలేది', 'చేర్చిన తర్వాత పేలేది' అని ఇంగ్లీషులో. ట్రిగర్ అంటే వాడికి తెలిసింది తుపాకీ మీటే, వాడి ముఖం మారిపోయింది.

"ఇత్నా ట్రిగర్, మేడమ్? గన్ కహాఁ హై?" అన్నాడు.

నా నోరా ఊరుకోదు. "ట్రిగర్లు నావి, గన్ మా సాబ్‌ది" అన్నాను. పక్కనున్న పెద్ద సైనికుడికి కంప్యూటర్లు కొంచెం తెలుసు కాబట్టి పగలబడి నవ్వి, "సెట్ హై, జావో" అని పంపేశాడు. అది తెలియనివాడై ఉంటే ఈ వ్యాసం ఇంకోలా ఉండేది. సరదాకి అన్న మాటేగానీ అంతకన్న నిజం నేనెప్పుడూ చెప్పలేదు.

ఒక మనిషి, ఒక రికార్డు

ఉన్నట్టుండి పైనుంచి ఒక నినాదం దిగింది: ఒక మనిషి, ఒక రికార్డు. ఒకే మనిషికి రెండు మూడు రికార్డులు ఉన్నాయనీ, వాటిని కలిపేయాలనీ. ఆలోచన మంచిదే. ఎలా కలపాలన్న దగ్గరే వచ్చింది చిక్కు. మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ, ఈ నాలుగూ కలిస్తే ఒకే మనిషి అని సాబ్ తేల్చాడు. కొత్త రోగి పేరు ఎక్కగానే ట్రిగర్ లేచి, అలాంటివాడు ముందే ఉంటే ఇద్దర్నీ ఒకటి చేసేయాలి. పాత వివరం, కొత్త వివరం తేడాగా ఉంటే కొత్తది నిలవాలి.

"సార్, మనవాళ్ళలో తాత పేరు మనవడికి పెడతారు" అన్నాను.

"అయితే?"

బోర్డు మీద రాసి చూపించాను. రామన్న కొడుకు అప్పన్న. ఆ అప్పన్నకి కొడుకు పుడితే తాత పేరు పెట్టి రామన్న అన్నారు. ఈ రామన్నకి కొడుకు పుడితే మళ్ళీ తాత పేరే, అప్పన్న. తాతా అప్పన్నే, మనవడూ అప్పన్నే. ఇద్దరి తండ్రులూ రామన్నలే. ఇద్దరూ ఉండేది ఒక ఊళ్ళో, ఒక కప్పు కింద. మా ఊరు టాబియాలో గుడి ముందు నిలబడి "అప్పన్నా" అంటే ఎందరు తిరిగి చూస్తారో మీకేం తెలుసు అన్నాను.

"పుట్టిన తేదీ వేరుగా ఉంటుంది కదా సరోజా!" అని నవ్వాడు.

"ముసలివాళ్ళకి తేదీ ఎక్కడిది సార్? పెద్ద హరికేన్ వచ్చిన ఏడు పుట్టానంటారు, ఎర్ర ఎద్దు చచ్చిన ఏడంటారు. ఆ గడి ఖాళీ."

సాబ్ కాసేపు ఆలోచించాడు. ఆయన ఆలోచిస్తే నాకు భయం. "ఖాళీగా ఉంటే సరిపోయినట్టే అని రాయి. లేకపోతే ముసలాళ్ళందరికీ రెండేసి రికార్డులు అలాగే ఉండిపోతాయి. పైవాళ్ళకి ఏం చెప్పుకోను?"

పిల్లలూ, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. గడి ఖాళీగా ఉందంటే 'తెలియదు' అని అర్థం. 'అవును' అని కాదు, 'కాదు' అనీ కాదు. మీకు మొత్తం ఉద్యోగంలో ఒక్క ముక్కే గుర్తుంటే ఇది గుర్తుపెట్టుకోండి. ఇదే ముక్క ఆ గదిలో చెప్పాను, రెండుసార్లు చెప్పాను. టీ వచ్చింది, బిస్కెట్లు వచ్చాయి, సాబ్ చెప్పినట్టే రాయాలని తీర్మానమైంది. ట్రిగర్‌కి సొంత బుద్ధి ఉండదు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టేయమన్నట్టు అది చేసుకుపోతుంది. కట్టేయడానికి దూడ దొరక్కపోతే పక్కింటిదాన్నైనా తెచ్చి కడుతుంది.

తాతకి బడి, మనవడికి శుక్లం

ట్రిగర్ పెట్టాక ఉత్తరాన మా టాబియా ఉన్న వనువా లేవు దీవి నుంచి ఒకటొకటిగా వింతలు రావడం మొదలైంది. వాయినికోరోలో మనవళ్ళున్న ఒక పెద్దాయనని బడిపిల్లల పళ్ళ పరీక్షకి రమ్మన్నారు. ఆయన వెళ్ళాడు కూడానట, ఉన్న ఒక్క పన్నూ చూపించడానికి. నాలుగో క్లాసు పిల్లవాడికి కంటి శుక్లం తీయించుకోమని కబురొచ్చింది. సాబ్ ఇవన్నీ విని "చిన్న చిన్నవి" అన్నాడు. "స్టాఫుకి ట్రైనింగ్ లేదు. నువ్వు వెళ్ళి ఇచ్చి రా" అని నన్ను పంపాడు.

సువాలో ఓడెక్కి, కడుపులో ఉన్నదంతా సముద్రానికిచ్చి, సావుసావులో దిగాను. అక్కణ్ణుంచి బస్సులో కొండలు దాటి ఉత్తరానికి చేరాను. ఏ ఆసుపత్రో చెప్పను, అక్కడివాళ్ళ తప్పేమీ లేదు. వార్డులో సిస్టర్ లితియా అని కైవీతీ ఆవిడ, అంటే ఈ దీవుల మూలవాసి, ఉండేది. ఆ పక్క కైవీతీలు మనకన్న ముద్దుగా హిందీ మాట్లాడతారు. ఆవిడ పక్కనే బల్లమీద మిషన్ పెట్టుకుని ఎలా ఎక్కించాలో చూపిస్తున్నాను.

అవతల మంచం మీద ఒక ముసలాయన, షుగర్ పెరిగి చేరాడు. టాబియా వాడు, రామన్న కొడుకు అప్పన్న. ఆయన భార్య, అందరికీ ఆజీ, టీ తేవడానికి బయటికి వెళ్ళింది. ఆయనకి పెన్సిలిన్ పడదు. ఎప్పుడో ఒకసారి ఇస్తే ముఖం వాచి, గొంతు మూసుకుపోయి, చచ్చి బతికాడు. ఆ ముక్క పాత ఫైలు మీద ఎర్రసిరాతో ఉండేది. అది కంప్యూటర్లోకి ఎక్కింది కదా అని ఆ ఫైళ్ళని గోదాములో పడేశారు.

ఆయన మనవడు చిన్న అప్పన్న, రామన్న కొడుకు, టాబియా వాడే, చెరకు కొడుతూ కత్తితో కాలు కోసుకున్నాడు. పుండు చీము పట్టింది. డాక్టర్ రోజుకొక పెన్సిలిన్ సూది రాశాడు. కౌంటర్లో అతని పేరు ఎక్కించినప్పుడు ట్రిగర్ లేచింది. పేరు సరిపోయింది, తండ్రి పేరు సరిపోయింది, ఊరు సరిపోయింది, తాత పుట్టిన తేదీ ఖాళీ కాబట్టి అదీ సరిపోయింది. ఇద్దర్నీ ఒకటి చేసింది. కుర్రవాడు తనకి పడని మందులేవీ లేవన్నాడు, కొత్త వివరం నిలిచింది, తాతకి పెన్సిలిన్ పడదన్న మాట మాయమైంది, కుర్రవాడి సూది తాత మంచం లెక్కలో పడింది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ నిమిషంలో నాకు తెలిసింది సిస్టర్ లితియా చేతిలో కాగితమూ, పాలలా తెల్లని సూదిమందూ అంతే.

"అప్పన్న?" అని అడిగింది. కాగితంలో ఉన్న పేర్లన్నీ అడిగింది పాపం.

"హాఁ" అన్నాడు ముసలాయన.

"బాప్ కా నామ్ రామన్న?"

"హాఁ."

"టాబియా?"

"హాఁ, హాఁ." అన్నీ నిజమే కదా! షుగర్‌కి కొత్త మందేమో అనుకుని చెయ్యి చాపాడు.

అప్పుడే ఆజీ టీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఆ తెల్లమందు ఆవిడకి తెలుసు. ముందురోజే మనవణ్ణి తీసుకొచ్చి దగ్గరుండి వేయించింది.

"ఏ సిస్టర్! ఉ సూయీ ఛోటా కే హై! నా మనవడిది! ఆయనకి కాదు!"

"కోన్ ఛోటా, ఆజీ? నామ్ బోలో" అని పేరు చెప్పమంది లితియా.

ఆజీ నోరు మూసుకుంది. మీ ఆజీని అడగండి ఎందుకో. మొగుడి పేరు పెళ్ళాం నోటితో అనకూడదు, అంటే ఆయన ఆయుష్షు తగ్గుతుందంటారు. మనవడికి ఆ పేరే పెట్టారు కాబట్టి మనవడి పేరూ అనకూడదు. పుట్టినప్పటినుంచి వాడు ఆవిడకి చిన్నోడే.

"హమ్ నై బోలేగా నామ్. మా చిన్నోడు. చిన్నోడిది!"

"ఆజీ, కాగజ్ మే చిన్నోడు నై హై. అప్పన్న హై. ఈ అప్పన్న హై కి నై?" అంది లితియా విసుగ్గా. ఎవరికి సూది వేయబోయినా ఎవరో ఒకరు అడ్డుపడటం ఆవిడకి రోజూ ఉండేదే. దూదితో ముసలాయన చెయ్యి తుడిచింది.

 బోర్డు మీద నేను రాసిన అప్పన్నలు కళ్ళముందు నిలబడ్డారు. లేచాను, కుర్చీ పడింది, మందుల బండి అడ్డమొచ్చింది. సూది చేతి దాకా వచ్చేసింది. ఆజీ ముఖం చూశాను. అలాంటి ముఖం మళ్ళీ చూడకూడదు.

"అప్పన్నా!" అని అరిచింది ఆజీ. "అప్పన్నా, చెయ్యి తియ్!"

ముసలాయన చెయ్యి లాక్కున్నాడు. సూదికి భయపడి కాదు. మంచం మీద లేచి కూర్చుని, నోరు తెరుచుకుని ఆవిడ వంకే చూస్తూ అడిగాడు: "నన్నేనా?"

గన్ ఎవరిదో

లితియా విషయం విని "ఇసా, ఇసా" అని వాళ్ళ భాషలో అయ్యో అనుకుంటూ సూది పక్కన పడేసింది. నేను మిషన్ దగ్గరికి వెళ్ళి ఎవర్నీ అడగకుండా ఆ ట్రిగర్ పీకేశాను. తర్వాత సాబ్‌కి ఫోన్ చేశాను.

"పర్మిషన్ లేకుండా ఎలా తీసేస్తావు?" అన్నాడు.

"ఇప్పుడు అడుగుతున్నాను సార్. మళ్ళీ పెట్టమంటారా? మీరు పెట్టమన్నారని ఇక్కడున్న ఆజీకి చెప్తాను, ఆవిడ ఫోన్ దగ్గరే ఉంది."

ఆయనకి ఉన్నట్టుండి లైను సరిగ్గా వినపడలేదు.

తర్వాత జరిగింది ఇప్పుడే చెప్పేస్తాను, మళ్ళీ మర్చిపోతాను. రికార్డులో 'ఇంట్లో పిలిచే పేరు' అని ఒక గడి చేర్చమన్నాను. సాబ్ అది తన ఆలోచనేనని పైవాళ్ళకి చెప్పి మెప్పు పొందాడు, ఆ గడి ఖాళీగా ఉంటే రికార్డు ఎక్కనే ఎక్కకుండా ట్రిగర్ కూడా పెట్టించాడు. కౌంటర్లో గుమస్తాలు ముసలమ్మల్ని "మీ ఆయన్ని ఇంట్లో ఏమని పిలుస్తారు?" అని అడిగారు. వాళ్ళు చెప్పిందే ఎక్కించారు. కొన్నాళ్ళకి ఉత్తరాన పెద్దవాళ్ళలో సగంమంది పేరు 'ఇదిగో' అయింది. మిగతా సగం 'ఏమయ్యా'. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నమాట. సాబ్ నన్ను పిలిచి, "సరోజా, దీనికో ట్రిగర్..." అన్నాడు. ఇక నావల్ల కాదన్నాను. ముసలివాళ్ళ పాత ఫైళ్ళు గోదాములోంచి తెప్పించి, మనుషుల్ని కూర్చోబెట్టి, అడిగి అడిగి తేదీలు నింపించాను. పని విసుగు పుట్టించేదే. సరైన పనులు చాలావరకు అలాగే ఉంటాయి.

తుడిచేయమన్న మాట

సువాకి తిరిగి వచ్చేముందు టాబియా వెళ్ళాను. ముసలాయన్ని ఇంటికి పంపేశారు. అరుగు మీద తనోవా అనే చెక్కగిన్నె పెట్టుకుని ఇరుగుపొరుగుకి గ్రోగ్, అదే మత్తు వేరు కలిపిన నీళ్ళు, పోస్తున్నాడు. షుగర్ తగ్గిందో లేదో గానీ ముఖం వెలిగిపోతోంది. "మొత్తం వార్డు విన్నాది. పేరు పెట్టి పిలిచినాది నన్ను!" అని వచ్చిన ప్రతివాడికీ చెప్తున్నాడు. వాళ్ళు నవ్వుతున్నారు, ఇంకో కొబ్బరిచిప్పెడు తాగుతున్నారు.

ఆజీ వంటింట్లో ఉంది. నన్ను చూడగానే కళ్ళు తుడుచుకుంది. మనిషి బతికాడన్న సంతోషం లేదు ఆ ముఖంలో.

"బేటీ, నేను అనేసినాను గదా. ఆయనకి ఆయుష్షు తగ్గిపోతాది."

"ఆజీ, నువ్వు అనబట్టే కదా బతికాడు?"

"ఆ ఒక్క దినం బతికినాడు. మిగతాది నేను కోసేసినాను." గొంతు తగ్గించింది. "సిస్టర్ చెప్పినాది, మిషన్‌లో తప్పు చేస్తే నువ్వు తుడిచేస్తావంట, అసలు చెయ్యనట్టే అయిపోతాదంట. నేనన్న మాట తుడిచెయ్యి బేటీ."

అది నిజమే. చేసిన పని జరగనట్టే వెనక్కి తిప్పడానికి మాకో మాట ఉంది, రోల్‌బ్యాక్ అంటాం. అది పట్టికల్లో మాటలకే గానీ వార్డులో అరిచిన అరుపుకి కాదని చెప్పొచ్చు. ఆ ముఖం చూశాక చెప్పబుద్ధి కాలేదు. ట్రైనింగ్ కోసం తెచ్చిన లాప్‌టాప్ వంటింటి బల్ల మీద పెట్టి తెరిచాను. ఆవిడ చూస్తుండగా ఆ మాట టైపు చేసి మీట నొక్కాను. అయిందని మిషన్ తన అలవాటు ప్రకారం చెప్పింది.

"అయిందా?"

"అయింది ఆజీ. నువ్వు ఆ మాట అననే లేదు."

ఆజీ సంతోషించబోయి ఆగిపోయింది. "నేను అనలేదంటే మరి సూది? ఆయనకి పొడిచేసినట్టేనా?"

అన్నేళ్ళు మీటింగుల్లో కూర్చున్నాను, ఇంత సరైన ప్రశ్న మా ఆఫీసులో ఒక్కరూ అడగలేదు. నిజానికి దానికీ మాలో ఒక పద్ధతి ఉంది. పని మధ్యలో గుర్తు పెట్టుకుని, ఒక ముక్క నిలబెట్టి ఇంకో ముక్క ఒక్కటే వెనక్కి తిప్పొచ్చు. "చెయ్యి లాక్కున్నది ఉంచాను ఆజీ. మాటొక్కటే తుడిచాను" అన్నాను.

అప్పుడు నవ్వింది. నాకు అన్నం పెట్టింది, వద్దంటున్నా చేపల కూర మళ్ళీ మళ్ళీ వేసింది. అరుగు మీదికి కేకేసింది: "ఇదిగో! చాలు గ్రోగ్. లోపలికి రా!"

బయల్దేరుతుంటే ముసలాయన గేటు దాకా వచ్చాడు. వెనక్కి ఒకసారి చూసి, ఆజీకి వినపడకుండా అడిగాడు.

"తుడిచేసినావంట?"

"అవును ఆజా."

ఆయన తల వంచుకుని గేటు గొళ్ళెం కాసేపు అటూ ఇటూ తిప్పాడు.

"మొత్తం తుడిచేసినావా బేటీ? నా కోసం ఒక కాపీ ఉంచలేదా?"

"ఉంచాను ఆజా," అన్నాను. "కాపీ తీయకుండా నేనేదీ తుడవను."